పాడుతూ నడిచిన మా రాజ్యం టీచర్

నిన్న పొద్దున్న వాకింగ్‌కి చెప్పులు వేసుకుంటుంటే సుజాత ఫోను. "ఒసే, రాజ్యం టీచర్ ఇంక లేరే."

ఒక చెప్పు కాలికి, ఇంకోటి చేతిలో. 

ముందురోజు సాయంత్రం కూడా వీణ వాయించారట. పడుకుని, నిద్రలోనే వెళ్లిపోయారు.

మా బొబ్బిలిలో నాకూ సుజాతకీ చిన్నప్పుడు వీణ నేర్పిన టీచర్. మేం పెద్దయ్యాక మా వాకింగ్ ఫ్రెండ్.

రిటైరయ్యాక ఆవిడకి పొట్ట వచ్చింది. అందరికీ వచ్చేదే కదా అనుకున్నాం. ఆవిడకి మాత్రం అది పెద్ద దిగులు. వీణ ఒళ్లో ఇమడటం మానేసింది. పొట్ట అడ్డొచ్చి వీణ దండి, ఆ పొడుగాటి కర్ర, ముందుకు జరిగిపోయేది. తీగల కింది మెట్లు అందక వంగి వంగి వాయిస్తే నడుం పట్టేసేది.

వీణ బల్ల మీద పెట్టుకుని వాయించండి టీచర్, అన్నాను ఒకసారి.

"బిడ్డని ఒళ్లో కూకోబెడతావా, బల్ల మీద కూకోబెడతావా?" అని కసిరేశారు.

ఆ మర్నాటి నుంచే వాకింగ్.

ఎక్కడ? లారీలు తిరిగే మెయిన్ రోడ్డు మీద! చదునుగా ఉంటుంది, లైట్లుంటాయి అని ఇంట్లో చెప్పేవాళ్లం. అసలు సంగతి, ఆ రోడ్డు చివర పునుగుల బండి ఉంది.

పైగా టీచర్ తాళానికి అడుగులేస్తూ, గొంతెత్తి పాడుతూ నడిచేవారు. లారీ వెళ్లినప్పుడల్లా పొగా దుమ్మూ నోట్లోకే. పాట ఆగి దగ్గు, దగ్గు ఆగి పాట. పొట్ట మాత్రం ఇసుమంతైనా తగ్గితే ఒట్టు.

చివరికి ముగ్గురం డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఆయన ఇదంతా విని నవ్వలేదు. నడక మంచిదే, కానీ అంత పొగలో నడిస్తే ఒంటికి దక్కాల్సిన మేలు కొంత ఆ పొగే తినేస్తుంది అన్నారు.

బయటికి రాగానే టీచర్ మా మీద పడ్డారు.

"ఇంట్లో అన్నం తగ్గించేసి రోడ్డు మీద పొగ తింటన్నామే! ఇదేటి తెలివి? నేను పాట మానను. రోడ్డే మానేస్తాను."

"మరి పునుగులో?" అంది సుజాత.

"నోర్ముయ్."

అంతే. మర్నాటి నుంచి ఊరవతల పంటకాలువ గట్టు. లారీ లేదు, దగ్గు లేదు, పునుగులూ లేవు. పాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా పూర్తయ్యేది.

కొన్ని నెలలు పోయాక ఒకరోజు వాళ్లింటికి వెళ్తే చాప మీద కూర్చుని ఉన్నారు. వీణ ఒళ్లో ఉంది. దండి ఒంటికి ఆనుకుని ఉంది.

"సూడే! వచ్చేసింది నా దగ్గరికి!"

ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అప్పటి నుంచి ఆఖరి సాయంత్రం దాకా వీణ ఆవిడ ఒళ్లోంచి దిగలేదు. ఏడుపొస్తూనే ఉంది గానీ, ఆవిడ కోరుకున్నది ఆవిడకి దక్కిందని తలుచుకుంటే కడుపు నిండినట్టుంది.

ఈరోజు పొద్దున్న నేనూ సుజాతా గట్టు మీదకి వెళ్లాం.  టీచర్ ఎప్పుడూ పల్లవి ఎత్తుకునే మలుపు వచ్చింది.

నేనే ఎత్తుకున్నాను. శ్రుతి తప్పింది.

అలవాటు కొద్దీ మొట్టికాయ కోసం తల వంచాను.

పడలేదు.

సుజాత గొంతు కలిపింది. ఇంటిదాకా పాడుతూనే వచ్చాం.

వెళ్లి రండి టీచర్. ఎక్కడున్నా మంచి గాలి పీలుస్తూ, వీణ ఒళ్లో పెట్టుకుని, హాయిగా ఉండండి.