పిన్నికి కనబడిన రెండో పేజీ

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసే రకం నేను. హిందీ మాట్లాడే మా ఉక్కు కార్ఖానా ఊళ్లో, బిష్టుపూర్ అనే పేటలో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తాను. కంప్యూటర్‌లో ఏ వింత జరిగినా, ఓపికగా వెతికితే కారణం దొరుకుతుందని నా మొండి నమ్మకం. అయినా ఇది రాస్తున్నాను.

నా కూతురి బారసాలకి మా అమ్మ జోలపాట పాడించాలనుకున్నాను. అమ్మ పోయి ఆరేళ్లయింది. పాట ఆమె నోట్‌బుక్‌లో ఉంది కానీ, మూడు చరణాలే. నాలుగోది ఉన్న కాగితాన్ని చెదలు తినేశాయి. అది నేను పుట్టాక అమ్మ సొంతంగా కట్టి చేర్చిన చరణమట. నాన్నని అడిగితే, ఎంత ఆలోచించినా ఒక్క ముక్కా గుర్తు రాలేదన్నారు. నాకు చాలా దిగులేసింది.

పాడాల్సింది ఇదే ఊళ్లో మాంగో అనే పేటలో ఉండే పార్వతి పిన్ని, అమ్మ చెల్లెలు. అమ్మ శ్రీకాకుళంలో వాళ్ల నాయనమ్మ దగ్గర పెరిగి తెలుగు చదువుకుంది. పిన్ని ఇక్కడే హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

మా కుటుంబం కోసం నేను కట్టిన సైట్‌లో ఆ పేజీ స్కాన్ పెట్టి, పిన్నికి లింకు పంపాను. అక్క చేతిరాత చూసుకుంటుందని. ఆదివారం నేను వెళ్లి చదివి చెబితే హిందీ అక్షరాల్లో రాసుకుంటుంది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. “ఏటిరా బాబూ, అంతా తెల్లగా వత్తంది. ఏటీ కనబడట్లేదు.”

నా ఫోన్‌లో ఫైలు బాగానే తెరుచుకుంటోంది. ఆఫీసులో ఒక బ్రౌజర్ చూపిస్తోంది, ఇంకోటి డౌన్‌లోడ్ చేసేస్తోంది. పిన్ని పాత కంప్యూటర్‌లో ఖాళీ. తప్పు నాదే. పంపేది పీడీఎఫ్ అని సర్వర్ ముందుగా బ్రౌజర్‌కి చెప్పాలి. ఆ ఒక్క లైను రాయడం మరిచిపోయాను. కొత్త బ్రౌజర్లు ఊహించుకుని సర్దుకుపోయాయి, పాతది బెట్టు చేసింది. భోజనం మానేసి సరిచేసి, మళ్లీ చూడమన్నాను.

అరగంటకి పిన్ని ఫోన్. ఏడుస్తోంది. “తెరుచుకుందిరా. రెండో పేజీలో అక్క నా కోసం హిందీ అక్షరాల్లో రాసింది. నాలుగు చరణాలూ దించీసినాను.”

నేను స్కాన్ చేసింది ఒక్క పేజీ. పిన్నికి మాత్రం ఆశ్చర్యమే లేదు. అమ్మ ఆమెకి ఉత్తరాలన్నీ హిందీ అక్షరాల్లో తెలుగు రాసి పంపేది. ఇదీ అంతే అనుకుంది.

ఆదివారం వెళ్లాను. అదే కంప్యూటర్, అదే బ్రౌజర్. ఒక్కటే పేజీ. సర్వర్ లాగ్ కూడా తిరగేశాను. ఆ రోజు ఆ ఇంటికి వెళ్లిన ఫైలు సైజు ఒక్క పేజీదే. క్యాలెండర్ కాగితం వెనక పిన్ని రాసుకున్న నాలుగు చరణాలు మాత్రం నా చేతిలో ఉన్నాయి.

ఎప్పుడో విన్నదే గుర్తొచ్చిందేమో అనుకున్నాను. కానీ నేను పుట్టినప్పుడు బాబాయి రైల్వే ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో, పిన్నీ అక్కడే. నేను బడికెళ్లే వయసు వచ్చేదాకా పిన్ని తిరిగి రాలేదు.

బారసాల రోజు సిద్ధగోరాలో మా ఇంట్లో ఉయ్యాల ఊపుతూ పిన్ని పాడింది. నాలుగో చరణం ఇలా మొదలైంది.

“సైరను కూసినా లేవకు బాబూ,
డూటీ మీ నాన్నది, నిద్దర నీది.”

కార్ఖానాలో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసిన మా నాన్న కుర్చీలోంచి లేచారు. “ఇదేనమ్మా పార్వతీ, ఇదే! ఎక్కడ దొరికింది నీకు?” అంటూ తువ్వాలుతో మొహం కప్పుకున్నారు.

ఉయ్యాల్లో ఉన్నది ఆడపిల్ల కదా, ‘పాపా’ అని మార్చి పాడమన్నారు ఎవరో. “అక్క రాసింది నేను మార్చనే మార్చను” అంది పిన్ని.

అలా నా కూతురి ఉయ్యాల పక్కన నిలబడి, ముప్పై నాలుగేళ్ల వయసులో, మా అమ్మ నన్ను జోకొట్టడం విన్నాను. ఆ పేజీ ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.