సన్న పెట్టెకు సరిపోయిన కార్డు

మా కేజీఎఫ్ నుంచి పొద్దున్నే బెంగళూరుకు పోయే రైల్లో ఒక బెంచీ ఉంది. రైల్వే వాళ్లకు అది సీటు, మాకు హైకోర్టు. పెళ్లి సంబంధాలు, మోకాలి ఆపరేషన్లు, ఇంటి పైకప్పులు అన్నీ అక్కడే తేలతాయి. బంగారు గనులు మూతపడ్డాక మా ఊళ్లో మిగిలిన పెద్ద పరిశ్రమ రైలెక్కడమే కాబట్టి, ఆ కోర్టుకు జనం తక్కువ కారు. నాన్న మాలూరులో దిగి ఫ్యాక్టరీకి పోతాడు. నేను ఇంకా ముందుకు పోతాను.

నా గ్రాఫిక్స్ కార్డు కేసు కూడా అక్కడికే వచ్చింది.

మా ఇంటి కంప్యూటర్ నాన్న ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి రిటైరైనది. అక్కడ పాతవాటిని అమ్మేస్తుంటే నాన్న ఒకటి కొని, గోనెసంచిలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఇదే రైల్లో తెచ్చాడు. పుట్టుకతో అది లెక్కల గుమాస్తా. దాని చేత నేను ఆటలు ఆడించాను. లారీ నడిపే కొత్త ఆట ఒకటి పెడితే లారీ కదిలేది కాదు. రోడ్డు కదిలేది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఆట బొమ్మల్ని సాఫీగా కదిలించే గ్రాఫిక్స్ కార్డు ఒకటి చవకలో వేస్తే తప్ప దానికి మోక్షం లేదు.

కిటికీ పక్కన కూర్చునే మామ ఆ బెంచీకి జడ్జి. వాళ్లబ్బాయి దగ్గర మూడు ఫ్యాన్ల కార్డు ఉంది.

"తీసుకుంటే పెద్దదే తీసుకోవాలప్పా. మావాడిది చూసినావా, ఇటుక మాదిరి ఉండాది."

"మా కంప్యూటర్ పెట్టె సన్నం మామా. ఇటుక పట్టదు."

"మూత తీసేసి పెట్టు."

"దానికి విడిగా కరెంటు వైరు కావాల. మా పెట్టెలో ఆ వైరే లేదు. బలవంతంగా ఎక్కిస్తే పెట్టెంతా కాలిపోతాది."

"ఇంత భయమున్నోడివి ఆటలెందుకప్పా? ఊరికే క్యారమ్ ఆడుకో పో."

బెంచీ అంతా నవ్వింది. అప్పుడు నాన్న, ఆ కోర్టులో ఎన్నడూ నోరు విప్పని మనిషి, "మావాడు చూసుకుంటాడులే. వాడు ఏది తెస్తే అదే కరెక్టు" అన్నాడు.

అప్పటిదాకా ప్రమాదం పెట్టెకే ఉండేది. ఇప్పుడు నాన్న మాటకూ వచ్చింది. నేను తెచ్చే కార్డు పనిచేయకపోతే, ఆయన రోజూ మాలూరు దాకా మామ ఎదురుగా కూర్చోవాలి.

కార్డు మామూలు దాంట్లో సగం ఎత్తుండాలి, మదర్‌బోర్డు ఇచ్చే కరెంటుతోనే సర్దుకోవాలి, ఆటా ఆడించాలి. అణకువ, సర్దుబాటు, సామర్థ్యం అన్నీ ఉన్న సంబంధం దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చివరికి బెంగళూరులో ఒక షాపులో వాడిన కార్డు దొరికితే, అక్కడి కంప్యూటర్లోనే పెట్టించి, ఆట నడిపించి చూసి మరీ తెచ్చాను. అరచేతి కంటే కొంచెం పెద్దది, ఒకటే ఫ్యాను. "ఇంతేనా?" అని నాన్న అనలేదు. ఆయన ముఖం అంది.

ఆదివారం పొద్దున పెట్టె మూత తీస్తే లోపల సైనైడ్ దిబ్బల దుమ్ము, అంటే బంగారం తీసేశాక గనివాళ్లు పారబోసిన మట్టి. గాలికాలంలో ఆ బూడిదరంగు పొడి మా అన్నంలోకే వస్తుంది, కంప్యూటర్‌కు మినహాయింపేముంది! వాకిట్లో బ్రష్షుతో దులిపి తెచ్చి, తొందరలో చూసుకోకుండా కార్డు దింపి, స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. స్క్రీను నల్లగా ఉండిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అంతే నలుపు. నాన్న టార్చి తెచ్చాడు, గడప దగ్గర నుంచి మా ముసలి అవ్వ తొంగి చూసింది.

కార్డు బయటికి లాగి చూశాను. మదర్‌బోర్డులోకి దిగే బంగారు రంగు పళ్ల మీద ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ.

"అవ్వా! దీనికి పసుపు ఎవరు పెట్టినారు?"

"నేనే. నువ్వు వాకిట్లో దుమ్ము దులపతా ఉంటే పెట్టినాను. పూజ లేకుండా మీ తాత గనిలో ఏ సామానూ ముట్టింది లేదు."

"ఇంత కార్డు ఉంటే సరిగ్గా ఈ పళ్లకే పెట్టాల్నా?"

"అదొక్కటే బంగారు మాదిరి ఉండాది. బంగారాన్ని ఇడిసిపెట్టి ప్లాస్టిక్కుకు పెడతారా యాడన్నా?"

బంగారం తవ్విన ఇంటి న్యాయం అది. అప్పీలు లేదు. రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ దింపాను. నాన్న టార్చి పట్టుకున్నాడు. వెలుగు కార్డు మీద కంటే గోడ మీదే ఎక్కువ పడింది.

స్క్రీను వెలిగింది. లారీ కదిలింది. రోడ్డు, రోడ్లు ఉండాల్సిన చోటే ఉంది. చెట్లకు నీడలు కూడా ఉన్నాయి. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను: నా ఎంపిక అద్భుతం.

నాన్న అప్పటికే మామకు వీడియో కాల్ చేసి, ఫోను స్క్రీను వైపు తిప్పాడు.

"ఆ పాత డబ్బానేనా అది?" మామ గొంతు.

"అదే."

"బాగానే ఉండాది. అయినా మావాడి దాంట్లో ఇంకా బాగా కనిపిస్తాది."

"కనిపించనీ. మీవాడికి నువ్వు కొనిచ్చినావు. మావాడు వాడే ఎంచుకున్నాడు."

ఫోను జేబులో పెట్టుకుని నా భుజం తట్టాడు. "ఇంగ లేయప్పా, నేను నడపతాను."

మొదటి మలుపులోనే లారీని తీసుకుపోయి చెరువులో దించాడు. మా బేతమంగళ చెరువులో కూడా నీళ్లు అంత తేటగా ఉండవు.