వీణ మీద హార్మోనియం వేళ్ళు

డ్రాయింగ్ మేడమ్ నెల్లూరు ఆస్పత్రిలో పోయారని స్కూల్ వ్యాన్‌లో తెలిసింది. ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకునే యామిని అక్కడే గట్టిగా ఏడ్చేసింది. అందరూ దాని చుట్టూ చేరారు. డ్రైవర్ అన్న తన మంచినీళ్ళ బాటిల్ కూడా ఇచ్చాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేనూ ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకుంటున్నానని ఎవరికీ తెలియదు. శనివారాలు లెక్కల ట్యూషన్ అని ఇంట్లో చెప్పి వెళ్ళేదాన్ని. నాన్న దృష్టిలో బొమ్మలంటే టైమ్ వేస్ట్.

"మీ నాయనకి నువ్వే చెప్పుకోవాల. నేనైతే చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం ఆడను," అనేవారు మేడమ్. ఆ రెండో మాటకి నాకు నిద్ర పట్టేది కాదు.

మా స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు ఆమె. అల్లూరులో వాళ్ళ ముందు గది గోడల నిండా రాగమాల బొమ్మల ప్రింట్లు. ఎప్పుడో రాజుల కాలంలో ఒక్కో రాగాన్ని ఒక్కో మనిషిగా ఊహించి గీసినవి. అడవిలో జింకల మధ్య వీణ పట్టుకుని నిలబడ్డ ఆమె తోడి రాగం. నాకు ఆమే ఇష్టం.

రంగు ఆరిపోతుందని మేడమ్ ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. చెమటలు కారుతుంటే కూనిరాగం తీసేవారు. "నా గొంతు కంటే రొయ్యల గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్ మోత నయం," అని తనే నవ్వేవారు. బొమ్మలో పాట ఎలా వినిపిస్తుందని అడిగితే, "ముందు జింక చెవులు గీయవే. అది వింటే మనకీ వినపడతాది," అన్నారు.

యామిని ఆదివారాలు వచ్చేది, నేను చర్చిలో ఉండే టైమ్‌కి. వాళ్ళమ్మ వీణ నేర్పుతుంది. అందుకే దాని బొమ్మల్లో వేళ్ళు తీగల మీద చక్కగా వాలేవి. "చూడు, ఆ పిల్ల చెయ్యి ఎట్టా తిరిగిందో," అని మేడమ్ అన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. ఆ చెయ్యి నెల రోజులు బెణికితే బాగుండు అనుకునేదాన్ని.

పెన్సిల్‌తో నా తోడి గీయడం పూర్తయిన రోజు మేడమ్ చాలాసేపు చూసి, పడీ పడీ నవ్వారు.

"ఏందే ఇది? వీణ మీద హార్మోనియం వాయిస్తా ఉండాదే నీ రాణెమ్మ!"

నాకు తెలిసిన సంగీతం చేతులు చర్చిలో హార్మోనియం వాయించే నాన్నవే. సిగ్గుతో తుడపబోతే రబ్బరు లాక్కున్నారు.

"తుడిపినావంటే చూడు! ఆ పాతకాలపోళ్ళూ వాళ్ళు చూసిన చేతులే గీసుంటారు. తీగల సంగతి నిదానంగా నేర్చుకుందువులే."

రంగులు వేయించి, ఫ్రేమ్ కట్టించి యామిని బొమ్మ పక్కనే పెట్టారు. పేరు మాత్రం వద్దని బతిమాలుకున్నాను.

మూడో రోజు పలకరింపుకి నాన్నే నన్ను తీసుకెళ్ళారు. యామినిని ఆడవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఓదారుస్తున్నారు. ఒకామె నా బొమ్మ చూపించి, "ఇది కూడా నువ్వే గీసినావా తల్లీ? ఎంత బాగుండాదో!" అంది. యామిని కళ్ళు తుడుచుకుంటూ తలెత్తింది. ఏడుపూ దానిదే, ఓదార్పూ దానికే. ఇప్పుడు నా బొమ్మ కూడానా?

"అది నాది," అన్నాను.

గుమ్మం దగ్గరున్న నాన్న తిరిగి చూశారు.

"నీదా? ఎప్పుడు గీసినావు?"

"శనివారాలు."

ఆయన బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ఆ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయారు. మేడమ్ వాళ్ళాయన లేచి ఫ్రేమ్ దించి నా చేతికిచ్చారు. "తీసకపోమ్మా. పొద్దున్నే కాఫీ తాగతా మీ మేడమ్ దీన్ని చూసి నవ్వుకునేది."

యామిని బొమ్మల్ని మెచ్చుకునేవారు. నా బొమ్మ చూసి నవ్వుకునేవారట. ఏది ఎక్కువో నాకింకా తేలలేదు.

నాన్న బండి మీద ఇంటికి బయల్దేరాం. బొమ్మ మా ఇద్దరి మధ్య, దుప్పట్లో చుట్టి ఉంది. ఇంటికెళ్ళాక ఏమంటారో తెలియదు. రొయ్యల గుంటల పక్క రోడ్డంతా గుంతలే. ఎప్పుడూ వాటి మీదుగా దూకించే మనిషి, ఆ సాయంత్రం ఒక్కో గుంత దగ్గరా బండి ఆపి, కాలు నేలకానించి, మెల్లగా దాటించారు.