కాక ఫోన్‌లో ఇంటి టైము

ఆ రోజుల్లో నాకు లోకం మీద పీకలదాకా కోపం ఉండేది. కారణం పెద్దదేమీ కాదు, లోకం నా యాప్‌లను మెచ్చుకోకపోవడమే. గల్ఫ్‌లో మనామా దగ్గర లేబర్ క్యాంపులో ఉంటూ, కంపెనీ స్టోర్‌లో సామాన్ అందించే ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికితే చాలు వీడియోలు చూసి యాప్‌లు చేయడం నేర్చుకునేవాణ్ణి. మొదటిది టార్చిలైటు యాప్. (ఫోన్‌లో టార్చి ముందే ఉంది కదా అన్న రూమ్మేటుతో వారం రోజులు మాట్లాడలేదు.) రెండోది మా వంటగది కోసం.

మా క్యాంపులో పొయ్యిలు నాలుగు, వాటిమీద వండుకోవాల్సిన గదులవాళ్లు ఇరవై. డ్యూటీ నుంచి రాగానే ఎవరి గిన్నె వాళ్లు గోడవారన వరసలో పెట్టి స్నానానికి పోవడం ఆచారం. గిన్నె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఈ కాలంలో కూడా గిన్నెల క్యూ ఏమిటని నాకు ఒళ్లు మండింది. అందరి ఫోన్లలో నా యాప్ వేయించాను. గదికో టైము, పది నిమిషాల్లో బటన్ నొక్కకపోతే వంతు పోయి పేరు చివరికి చేరుతుంది. మొదటి రెండు రోజులూ నన్ను ఇంజనీర్ సాబ్ అన్నారు. నేనూ కాదనలేదు.

వారం తర్వాత పక్కగది కాక ఖాళీ గిన్నెతో నా మంచం దగ్గరికొచ్చాడు. జగిత్యాల వైపు మేస్త్రీ, క్యాంపంతటికీ కాకే.

"నీ యాప్ నన్ను దినాం ఆఖరికే నూకుతాంది బిడ్డా. నేను ఫోన్ల కనవడి బుక్క పెట్టుకుంటెనే ఇంటికాడ నా మనుమరాలు బుక్క మింగుతది. నా వంట అయ్యేసరికి అది తినకుంటనే పంటాంది."

"టైంకు బటన్ నొక్కకపోతే నేనేం చెయ్యాలె కాకా? ఆరింటికి గదా నీ వంతు!"

"ఆరింటికి నేను జల్లాఖ్ సైట్ల గోడ మీద ఉంటిని!"

ఎంత అన్యాయం! ఐదు కాకముందే బస్సు క్యాంపుకు వచ్చేస్తుంది. నా కళ్లముందే అబద్ధమా అని ఉడికిపోతూ ఆయన ఫోన్ లాక్కుని చూశాను. బయట ఇంకా ఎండ తగ్గలేదు, సాయంత్రం ఐదైంది. ఫోన్‌లో మాత్రం ఏడున్నర.

"నీ ఫోన్ టైమే తప్పున్నది కాకా!" అని గెలిచినవాడిలా అరిచాను.

"తప్పెందుకయితది? అది మా ఇంటి టైము. డ్యూటీకి చేతికి గడియారం ఉన్నది." మణికట్టు చూపించాడు. "పిల్ల లేశిందా, బడికి పోయిందా, ఫోన్ల సూస్తనే ఎరుక కావాలె."

నా యాప్ ఫోన్ గడియారాన్నే నమ్మింది. అందులో ఆరు కాగానే, అంటే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకే, ఆయన గోడ కడుతుండగానే, వంతు కొట్టేసింది. తప్పు నాదేనని తెలిసింది. తెలిసినా ఒప్పుకుంటానా? "టైం మార్చుకో కాకా, ఖలాస్" అన్నాను.

"నీ యాప్ మార్చుకో. నా ఇంటి టైం నేనెందుకు మారుస్త?"

ఆ సాయంత్రమే గోడవారన కాక గిన్నె కనిపించింది. దాని వెనక ఇంకొకటి, మరొకటి. వారం రోజుల నా కష్టాన్ని ఇరవై సత్తు గిన్నెలు తొక్కేశాయి! కృతజ్ఞత లేని మనుషులని తిట్టుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడ్డాను. కాక కారం డబ్బాకు ఫోన్ ఆనించి, పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తెరమీద చిన్నపిల్ల కూడా నోరు తెరిచింది. ఆయన ఫోన్ నావైపు తిప్పి, "ఇగో, నిన్ను ఉపాసం పండవెట్టినోడు ఈడే" అన్నాడు. ఆ పిల్ల నన్ను చూసి నాలుక బయటపెట్టింది. నాకు సిగ్గేసింది. గదిలోకి వెళ్లి యాప్ తీసేశాను.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న అరాద్‌లో సెలూన్‌కి వెళ్తే, యాప్‌లో నా నంబర్ ఎప్పుడో దాటిపోయిందన్నారు. "ఎవడయ్యా ఈ యాప్ చేసిన తెలివితక్కువవాడు!" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను. సెలూన్ కుర్రాడు నా ఫోన్ చూసి, "టైమ్ గలత్ హై భాయ్" అన్నాడు. తప్పు కాదు, మా ఇంటి టైము. అక్కడ మా అమ్మాయి బడి నుంచి వచ్చే వేళయింది. గొంతు తగ్గించి, క్యూలో చివరికి వెళ్లి కూర్చున్నాను.