రెండు బోర్డుల ఇల్లు

మొన్న ఆదివారం పెరట్లో ఎండిపోయిన చిక్కుడుపాదు పీకుతుంటే తుప్పుపట్టిన ఇనప తీగ ఒకటి చేతికి గీసుకుంది. ఎన్నికల బోర్డులను గడ్డిలో నిలబెట్టే తీగకాళ్ళలో ఒకటది. బోర్డులు పోయి ఎన్నేళ్ళయిందో, కాళ్ళు మాత్రం ఏటేటా నా చిక్కుళ్ళను మోస్తూనే ఉన్నాయి. వీధిలోకి చూస్తే మళ్ళీ ఎన్నికల సీజన్ వచ్చేసింది. ఇంటింటిముందూ తమకి నచ్చినవాళ్ళ పేరుతో ఓ బోర్డు, మా ఇంటికి తప్ప. "అమ్మా, మనకి సైన్ బోర్డు వద్దు ప్లీజ్. నేబర్స్ ఏం అనుకుంటారో," అంది మా అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఈ వీధి మొత్తానికీ రెండు బోర్డులున్న ఇల్లు మనదొక్కటే తల్లీ అన్నాను. అది ఫోన్‌లోంచి తలెత్తలేదు.

ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరో ఊళ్ళో అపార్ట్‌మెంట్ వదిలి మేం ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, నావాళ్ళు అనుకోడానికి నాకు ఈ దేశంలో ఉన్నది ఇద్దరు. ఒకరు పక్కింటి అమెరికన్ పెద్దావిడ. భర్త పోయాడు, ఒక్కతే ఉండేది. వీధి చివరున్న చిన్న బడిలో ఏళ్ళ తరబడి రెండో తరగతికి పాఠాలు చెప్పి రిటైరయింది. చెత్తబండి ఏ రోజు వస్తుందో, మంచు పడితే ముందు ఏ దారి శుభ్రం చేసుకోవాలో, రాలిన ఆకుల్ని ఎక్కడ కుప్ప పొయ్యాలో, అన్నీ నాకు నేర్పింది ఆవిడే. సాయంత్రం స్కూల్ బస్సు వెళ్ళిపోయాక కంచె దగ్గరికి వచ్చి నిలబడేది. నేను కాఫీ ఇచ్చేదాన్ని. కప్పులో ఇస్తే ఒప్పుకునేది కాదు, నాలాగే స్టీలు గ్లాసు కావాలి. చెయ్యి కాలుతోందని దానికి చేతిరుమాలు చుట్టుకుని మరీ తాగేది. కాలింగ్ కార్డులు గీకి ఇండియాకి ఫోన్ చేసుకునే రోజులవి. అమ్మతో మాట్లాడుతుండగా కార్డు అయిపోతే, మిగిలిపోయిన మాటలు నా వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకి చెప్పుకునేదాన్ని. అంతా విని "హనీ, మీ అమ్మ చెప్పిందే కరెక్టు," అనేది.

రెండోవారు మావారి స్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఈ ఇల్లు చూపించిందీ, మాతోపాటు సోఫా మోసి నడుం నొప్పి తెచ్చుకున్నదీ ఆయనే. ఆ ఏడాది ఆయన ఊళ్ళో బళ్ళ వ్యవహారాలు చూసే స్కూల్ బోర్డు సంఘానికి పోటీ చేశారు. అప్పట్లో మా ఊళ్ళో ఆ ఎన్నికలు వసంతంలో జరిగేవి. పాత చిన్న బడిని మూసేసి, పిల్లలందర్నీ కొత్త పెద్ద భవనంలోకి మార్చాలన్నది ఆయన పట్టు. ఆ చిన్న బడే పక్కింటావిడ బడి. ఆవిడ ఇంటిముందు "మన బడిని బతకనివ్వండి" అని బోర్డు లేచింది.

ఒక శనివారం పొద్దున అన్నయ్యగారు వచ్చి, పెసరట్టు తిని, కాఫీ తాగి, కారు డిక్కీలోంచి తన బోర్డు తీశారు. "చెల్లెమ్మా, మీది కార్నర్ ఇల్లు, అందరికీ కనపడుతుంది. ఒకటి పాతేస్తున్నా, ఏమనుకోవు కదా?"

అనుకుంటానని ఏ నోటితో అనను? మావారు నావైపు చూడకుండా "దానికేముందిరా, పెట్టుకో," అనేశారు. వాన పడి నేల మెత్తగా ఉందేమో, కాళ్ళు రెండూ ఇట్టే దిగిపోయాయి.

సోమవారం సాయంత్రం స్కూల్ బస్సు వచ్చింది, వెళ్ళింది. కంచె దగ్గరికి ఎవరూ రాలేదు. మర్నాడూ అంతే. ఆవిడ కిటికీ తెరలు మూసే ఉన్నాయి. గ్లాసు పట్టుకుని పిచ్చిదానిలా నిలబడి, చల్లారిన కాఫీ సింకులో పారబోశాను. ఏడుపొచ్చింది. అట్టముక్కంత ప్లాస్టిక్ బోర్డు! దాన్ని చూసి ఎవరు ఎటు ఓటేస్తారో దేవుడికెరుక, నా మనిషిని మాత్రం నాకు కాకుండా చేసింది. "పోనీ తీసేద్దామా?" అన్నారు మావారు. తీస్తే అన్నయ్యగారి మొహం ఎలా చూడటం?

అప్పుడు గుర్తొచ్చింది మా ఊరి ఇల్లు. ఎన్నికలొస్తే సున్నం డబ్బాలూ రంగు డబ్బాలూ పట్టుకుని రెండు పార్టీలవాళ్ళూ మా గోడ కోసం వచ్చేవారు. ఇద్దరూ అయినవాళ్ళే. నాన్న ముందుగోడ ఒకరికీ పక్కగోడ ఇంకొకరికీ ఇచ్చేసి, ఇద్దరికీ మజ్జిగ ఇప్పించేవారు. ఓటు ఎవరికేశారో మాత్రం అమ్మకి కూడా చెప్పలేదు. అమ్మ చివరిదాకా దెప్పుతూనే ఉండేది.

చెప్పులేసుకుని వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను. "మీ బోర్డు ఒకటి ఇస్తారా?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి ఒకటి తెచ్చి ఇచ్చింది. తీసుకొచ్చి అన్నయ్యగారి బోర్డు పక్కనే పాతాను.

ఇక చూడండి వేడుక! వెళ్ళే కార్లు వెళ్ళకుండా నెమ్మదించేవి. ఎదురింటాయన కుక్కతో సహా ఆగి రెండూ చదివి, బుర్ర గోక్కుంటూ పోయాడు. పోస్టాయన ఒకటే నవ్వు. ఆ సాయంత్రం బస్సు వెళ్ళాక ఆవిడ కంచె దగ్గరికి వచ్చింది.

"హనీ, ఇద్దరికీ ఓటు వెయ్యడం కుదరదు, తెలుసా?"

"నేను ఒక్కరికీ వెయ్యలేను. నాకు ఓటే లేదు. పౌరసత్వం ఉంటేనే ఓటు, మేం గ్రీన్‌కార్డు కోసమే ఇంకా క్యూలో ఉన్నాం."

"మరి ఈ బోర్డులు ఎవరి కోసం?"

"అది ఆయన కోసం. ఇది మీ కోసం."

ఆవిడ రెండు బోర్డులకేసీ చూసింది. తర్వాత పకపకా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "నా గ్లాసేదీ?" అంది.

అన్నయ్యగారు ఓడిపోయారు. బోర్డు పీక్కెళ్ళడానికి వచ్చి, "ఊరంతా పోయినా నీ ఇంటిముందు మాత్రం సగం గెలిచానమ్మా," అని మళ్ళీ పెసరట్టు తిన్నారు. ఆయన ఓడినా కొన్నాళ్ళకి బడి మూతపడనే పడింది. తాళం వేసిన రోజు ఆవిడ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది, కాఫీ ముట్టలేదు. ఆ తర్వాత ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గరాజులోని బోర్డుల కాళ్ళన్నీ తెచ్చి, "నీ చిక్కుళ్ళకి," అని ఇచ్చింది. బదులుగా నేను ఆ స్టీలు గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాను. కొన్నేళ్ళు క్రిస్మస్‌కి కార్డులు వచ్చేవి. ఒక ఏడాది రాలేదు. ఇక రాలేదు.

పక్కింట్లో ఇప్పుడున్నవాళ్ళు మంచివాళ్ళే. కారులోంచి చెయ్యి ఊపుతారు. ఎవరి బోర్డు చూసి ఎవరు మొహం తిప్పుకున్నారో కూడా తెలియనంత దూరంగా ఉంటాం. స్కూల్ బస్సు వెళ్ళాక నేనింకా ఓసారి కంచె వైపు చూస్తాను, అలవాటు చావదు. తీగకాళ్ళకి అంటిన మట్టి దులిపి, వచ్చే వేసవికని గోడకి ఆనించాను. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నన్నేళ్ళూ కాలం కదలడమే లేదని విసుక్కున్నాను. తీరా పౌరసత్వం వచ్చి నా చేతికి ఓటొచ్చేసరికి, బోర్డు పెట్టి మరీ మాట కలుపుకోవాలనిపించే మనిషి పక్కింట్లో లేదు.