రాళ్ల కింద పొలం

వెనిస్‌లో పియాత్సా, అంటే నగరచౌకం, అనిపించుకునే గౌరవం ఒక్క చోటికే దక్కింది. సందర్శకులూ పావురాలూ అక్కడికే పోతారు. మిగిలిన ఖాళీ జాగాలన్నీ మాకు కాంపోలే. కాంపో అంటే పొలం. గడ్డిపరక మొలవని బండల నేలను పొలం అనడం ఈ ఊరి గొప్పలకు తగ్గట్టే ఉందని నేను చాలాకాలం వెటకారం చేశాను. నా నోరు మూయించినవాడు ఒత్తొరీనో బుజెత్తో.

ఒత్తొరీనో మునిసిపాలిటీలో రాళ్లు పరిచే మేస్త్రీ. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. పుట్టింది మా శాన్ ఫెర్మో కాంపోలోనే. ముప్పైతొమ్మిదేళ్లు ఊరంతా రాళ్లు లేపి మళ్లీ పరిచాక, పింఛను ముందు చివరి పనిగా సొంత కాంపోయే వచ్చింది. కింద నీటిగొట్టాలు మార్చాలి. ఆగస్టులో శాన్ ఫెర్మో పండుగకు అక్కడే బల్లలు వేసి భోజనాలు పెడతారు, నాట్యం చేస్తారు. ఆలోగా నేల మునుపటిలా మూసెయ్యాలి. ఆలోగా పని తెమలకపోతే సిమెంటు పోయించి, ఆ పాతరాళ్లను గిడ్డంగికి పంపిస్తానని ఇంజనీరు ముందే చెప్పాడు.

రాయి లేపితే దానిమీద సుద్దతో అంకె వెయ్యడం మా ఊరి మేస్త్రీల పద్ధతి. వందల ఏళ్లుగా ఒకదాన్నొకటి ఒరుసుకున్న అంచులవి, పక్కరాయి మారితే కూర్చోవు. ఒత్తొరీనో రెండువందల పన్నెండు రాళ్లకు అంకెలు వేసి చర్చి గోడ వారగా పేర్చాడు.

గుంత తవ్విన రోజు నేను గట్టున నిలబడి లైబ్రరీలో చదివిందంతా ఒలకబోశాను. కాంపో అనే మాట లాటిన్‌దనీ, ఒకప్పుడు చర్చి ముందు గడ్డీ కూరపాదులూ ఉండేవనీ, గుర్రాలు మేసేవనీ చెప్పాను. ఒత్తొరీనో తల ఎత్తకుండా విన్నాడు.

"పుస్తకంలో బానే రాశాడు. దిగి చూడు."

దిగాను. ఇసుక పొర కింద నల్లమట్టి. పిసికితే ముద్దయింది. అందులో ఆల్చిప్పలు, ఎండిన వేళ్లు, ఒక ఆవు పన్ను. ఆయన ఆ పన్ను చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"దీనికి లాటిన్ వచ్చేమో అడుగు."

పండుగ ఇంకా ఎనిమిది రోజులుందనగా వచ్చింది చిక్కు. మా కాంపోలో దిర్చే అనే ఎనభైయొక్కేళ్ల ఆవిడ ఉంది. గాజుపూసలు గుచ్చి బతికిన మనిషి. ఇంటి ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో పూసల చెక్కపళ్లెం పెట్టుకుని, వాకిట్లో ఎవరైనా ఉమ్మితే వెంటపడేది. ఆదివారం పని ఆగింది. పండుగ ముందు రాళ్లమీద ఈ పిచ్చిగీతలేమిటని, ఇద్దరు పొరుగువాళ్లను కూడదీసి, బ్రష్షులతో రాళ్లన్నీ తోమేసింది.

సోమవారం ఒత్తొరీనో వచ్చేసరికి ఆవిడ గర్వంగా గుమ్మంలో నిలబడి ఉంది.

"పిల్లవెధవలు గీతలు గీసి పాడుచేశార్రా. మెరిసేలా తోమించాను."

ఆయన టోపీ తీశాడు. "సియోరా దిర్చే, ఇంత శుభ్రమైన రాళ్లు నా సర్వీసులో చూళ్లేదు," అన్నాడు. కూలీల మొహాలు చూసి ఆవిడకు సంగతి అర్థమైంది. లోపలికి పోయి తలుపేసుకుంది. సిమెంటే ఈ ఊరికి సరైన శాస్తి అని నేను గొణిగాను. ఎవరూ పట్టించుకోలేదు. ఒత్తొరీనో రాళ్లన్నీ తొక్కిన ముఖం పైకి కనబడేలా వరసలుగా పరిపించడం మొదలుపెట్టాడు.

గంట తర్వాత దిర్చే కుర్చీ పట్టుకుని బయటికొచ్చింది. రాళ్ల వరసల మధ్య మెల్లగా నడిచి ఒకదాని దగ్గర ఆగింది.

"ఇది నాదిరా. చలికాలం కుంపటి దీనిమీదే పెడతాను. ఈ నల్లమచ్చ ఎంత తోమినా పోలేదు."

అక్కడినుంచి పని దారిన పడింది. చేపలు వేయించే నోర్మా తన నూనెమరక రాయిని పట్టుకుంది. కుర్రాళ్లు గోలు కోసం గీకిన గాట్లు చూపించారు. మంగలి తన కొట్టు ముందు బీటవారిన రాయిని గుర్తుపట్టి, దానిమీద ఎవరెవరు జారిపడ్డారో కూడా చెప్పాడు. అలా దొరికినవాటిని ముందు వాటి చోట పెట్టి, మధ్యవాటిని ఒత్తొరీనో బొటనవేలితో అంచులు తడిమి కలుపుకుంటూ పోయాడు. మూడోరోజుకు నేనూ చొక్కా విప్పి రాళ్లు మోశాను.

పండుగకు ముందురోజు ఇంజనీరు వచ్చి నాలుగు బకెట్ల నీళ్లు పోయించాడు. నీళ్లన్నీ కాలువ కన్నాల వైపు పోయాయి గానీ, దిర్చే గుమ్మం ముందు చిన్న మడుగు నిలిచింది. ఇక్కడ రాయి సరిగా కూర్చోలేదని ఆయన, పని ఒప్పుకునే కాగితాన్ని సంతకం పెట్టకుండానే మడిచాడు.

"ఆ నీళ్లు అక్కడ నిలవాల్సిందే బాబూ," అంది దిర్చే. "పెళ్లై వచ్చిన రోజునుంచీ ఆ మడుగు దాటే ఇంట్లోకి పోతున్నా. అది లేకపోతే అప్పుడు చెప్పండి, రాళ్లు తప్పుపెట్టారని."

అవునవునని చుట్టూ అందరూ తలూపారు. ఇంజనీరు మడుగునీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, కాగితం విప్పి సంతకం పెట్టాడు. ఒత్తొరీనో వంగి ఆ మడుగులోనే చేతులు కడుక్కున్నాడు.