నిద్ర గంట

చిన్నపిల్లల బడిలో ఆమె ఆయా. పద్దెనిమిదేళ్లుగా పన్నెండు కాగానే ఇంటి గంట కొట్టేది. పిల్లలకి ఆమె గంటమ్మ. గోడ గడియారం ఆగిన రోజున కూడా ఆమె చెయ్యి ఆగలేదు.

గంట కొట్టగానే అందరూ వెళ్లిపోయేవారు, ఒక్క పిల్ల తప్ప. వాళ్లమ్మది బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. భోజనం విరామంలో పరుగున వచ్చి, పిల్లని పక్కింటి ముసలావిడకి అప్పగించి, మళ్లీ పరుగెత్తేది. ఆమె వచ్చేదాకా గంటమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చునేది.

ముసలావిడ కూతురింటికి వెళ్లిపోయింది.

"ఇక పని మానెయ్యడమే పిన్నీ," అంది తల్లి.

"నాలుగు రోజులు ఓపిక పట్టు," అంది గంటమ్మ.

బడిని నాలుగింటిదాకా నడపమని అప్పుడే ఉత్తర్వు వచ్చింది. అందులో ఒక మెలిక ఉంది. మొదటి వారమంతా మధ్యాహ్నం పదిహేనుమంది ఉండాలి. లేకపోతే మళ్లీ ఒంటిపూటే.

గంటమ్మ ఇల్లిల్లూ తిరిగింది.

"నాలుగేళ్ల పిల్లకి నాలుగింటిదాకా చదువా? ఇప్పుడే డాక్టర్ని చేస్తారా ఏంటి?" అంది ఒక నాయనమ్మ.

"చదువెక్కడమ్మా, సగం నిద్రే. మీరూ ఇంట్లో ఓ కునుకు తియ్యొచ్చు."

నాయనమ్మ మెత్తబడింది. పదహారుమంది తేలారు.

మొదటి రోజు పన్నెండయింది. చెయ్యి దానంతటదే లేచి గంట కొట్టేసింది.

పిల్లలు సంచులు తగిలించుకున్నారు. కుడి చెప్పు ఎడమకి, ఎడమది కుడికి తొడుక్కుని గేటు దగ్గర బారు తీరారు. అమ్మలు లేరు. ఒకరు ఏడుపు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు.

"కొంప ముంచావు కదా పిన్నీ! తనిఖీకి వచ్చే వేళ!" అంది టీచరు.

గంటమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది.

"ఇంటి గంట అని ఎవర్రా చెప్పింది? ఇది నిద్ర గంట."

ఫ్యాక్టరీ ఆమె కూతురు ఏడుపాపి చూసింది. "నిద్రకి గంటేంటి?"

"లేవడానికి కొడతారుగా. పడుకోవడానికి కొట్టకూడదా?"

పిల్ల కాసేపు ఆలోచించి చెప్పులు విప్పింది. ఒక్కొక్కరే అందరూ విప్పారు.

తనిఖీకి వచ్చినావిడ గుమ్మంలోనే ఆగి నిద్రపోతున్నవాళ్లని వేలితో లెక్కపెట్టింది.

"పదిహేడు," అంది గుసగుసగా.

"పదహారేనండీ," అంది టీచరు. "గోడవార పడుకున్నది మా ఆయమ్మ."

వారమంతా ఆ లెక్క నిలిచింది. రెండు పూటల బడి ఖాయమైంది.

ఆ మరుసటి సోమవారం మూడున్నరకి పని ముగించుకుని తల్లి పరుగున వచ్చింది, పాత అలవాటు. గేటు దగ్గర గంటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకే ఆ పరుగు? నాలుగవడానికి ఇంకా టైముంది. కూర్చో."

తల్లి మెట్టు మీద కూర్చుంది.